కబ్స్ వెంట ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా

ఏప్రిల్‌లో కబ్స్ బేస్‌బాల్ ఆట చూడ్డానికి వాళ్ళ స్టేడియం రిగ్లీ ఫీల్డ్‌కి వెళ్ళేవాళ్ళకి ముందే చెప్తున్నా: స్వెటర్ మీద ఇంకో స్వెటర్ వేసుకోండి. మిషిగన్ సరస్సు మీంచి గాలి కొడితే చేతిలో కాఫీ రెండు గుక్కలకే చల్లారిపోతుంది. పైకప్పు కింద సీట్లకి ఎండ కూడా తగలదు. పైగా 1914 నాటి స్టేడియం కాబట్టి అక్కడక్కడ ఇనుప స్తంభాలు అడ్డం. చవగ్గా దొరికాయని నేను కొన్న సీట్లలోంచి బంతి విసిరే పిచ్చర్ కనిపిస్తే బ్యాటర్ కనిపించడు. సీటు నంబరు చూసుకుని, స్తంభం సంగతి కూడా చూసుకుని మరీ కొనండి.

షికాగో కబ్స్ వాళ్ళకి సీజన్‌లో 162 ఆటలు, సొంతూళ్ళో 81. మేం చూసినవి పదకొండు, అందులో ఏడు రిగ్లీలోనే, మిగతావి కబ్స్ వెంట బయటి ఊళ్ళకి వెళ్ళి చూసినవి. షికాగో శివారు నేపర్‌విల్ నుంచి మెట్రా రైల్లో యూనియన్ స్టేషన్‌కి వచ్చి, పావుగంట నడిచి రెడ్ లైన్ సిటీ రైలు ఎక్కి అడిసన్‌లో దిగితే స్టేడియం ఎదురుగానే. ఆ చుట్టుపక్కల కారు పార్కింగ్‌కి పెట్టే డబ్బుతో ఇంకో టికెట్ కొనుక్కోవచ్చు.

జూన్‌లో మళ్ళీ వెళ్ళాం, పగటి ఆటకి. ఏప్రిల్‌లో ఎండుపుల్లల్లా ఉన్న ఐవీ తీగ మైదానం చివరి గోడంతా పచ్చగా అల్లుకుంది. బంతి అందులో ఇరుక్కుంటే ఫీల్డర్ రెండు చేతులూ పైకెత్తి నిలబడతాడు, బ్యాటర్‌కి రెండు బేస్‌లు (నాలుగు తిరిగొస్తే ఒక పరుగు) ఇచ్చేస్తారు. బంతి పోయిందని చేతులెత్తేస్తే సరిపోయే ఆట ఇంకోటి నేను చూడలేదు. స్కోరుబోర్డు 1937 నాటిది, ఇప్పటికీ మనుషులే నడుపుతారు. ఒక అంకె పలక తీస్తారు, ఆ కన్నంలోంచి ఒక ముఖం బయటికి చూస్తుంది, మళ్ళీ ఇంకో పలక వచ్చి కప్పేస్తుంది. ఆ రోజు నేను ఆట కన్నా ఆ కన్నాలే ఎక్కువ చూశాను. కబ్స్ గెలిచాక బోర్డు మీద గెలుపు గుర్తుగా W అక్షరమున్న తెల్లజెండా ఎగరేశారు. 108 ఏళ్ళు ఆగి 2016లో వరల్డ్ సిరీస్ కప్పు గెలిచిన జట్టు కదా, మామూలు గెలుపుకి కూడా ఇక్కడివాళ్ళు పండగ చేసుకుంటారు.

పిల్లలున్నవాళ్ళకి మాత్రం నా ఓటు మిల్వాకీకి. కారులో రెండు గంటల లోపే. తెరుచుకుని మూసుకునే పైకప్పు ఉంది కాబట్టి వాన భయం లేదు. ఆటకి ముందు పార్కింగ్‌లోనే కుంపట్లు వెలిగించి వండుకోవడం అక్కడి అలవాటు. మేం డిక్కీ తెరిచి పూరీలు, బంగాళాదుంప కూర బయటపెట్టాం. పక్కకారు వాళ్ళు కాల్చిన మొక్కజొన్న పొత్తులిచ్చి పూరీలు పట్టుకెళ్ళారు. తెచ్చుకోకపోతే లోపల శాకాహారులకి కష్టమే, ఆ ఊరు సాసేజీల ఊరు.

సెయింట్ లూయిస్ గురించి రెండు ముక్కలు. జులై ఎండల్లో వెళ్ళకండి. మేం దిగిన హోటల్ వాళ్ళు స్టేడియంకి ఉచిత షటిల్ అని రాశారు, రాత్రి పదికే ఆగిపోతుందని మాత్రం రాయలేదు. ఆట అదనపు ఇన్నింగ్స్‌కి వెళ్ళింది. మేం టాక్సీకి వెళ్ళాం.

పిట్స్‌బర్గ్ కథ వేరు. అమ్మ గుంటూరు నుంచి వచ్చి ఉంది. "ఆ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్తే నీ ఆటకి వస్తాన్రా" అని బేరం పెట్టింది. 1970ల్లో కట్టిన గుడి, ఊరికి తూర్పున పెన్ హిల్స్ గుట్ట మీద ఉంటుంది. దానికి దగ్గర్లో మన్రోవిల్‌లో గది తీసుకున్నాం. డౌన్‌టౌన్ రేట్లలో సగం, పార్కింగ్ ఉచితం, పొద్దున్నే గుడిలో దర్శనం, పులిహోర. సాయంత్రం డౌన్‌టౌన్‌లో కారు పెట్టి క్లెమెంటే వంతెన మీద నడిచి వెళ్ళాం. ఆట రోజుల్లో దాని మీద బండ్లు వదలరు.

వంతెన మీద వీడియోలు తీసీ తీసీ గేటు దగ్గరికొచ్చేసరికి నా ఫోన్ చచ్చింది. టికెట్లన్నీ అందులోనే. మా ఆవిడ ఫోన్ హోటల్లో ఉండిపోయింది. అమ్మ ఫోన్‌లో లాగిన్ అవుదామంటే ఓటీపీ వచ్చేది చచ్చిన ఫోన్‌కే. గేటు దగ్గరి కౌంటర్‌లో ఒక పెద్దావిడ విసుక్కోకుండా ఛార్జర్ ఇచ్చి, అమ్మకి కుర్చీ వేసింది. తొమ్మిదింటిలో మొదటి ఇన్నింగ్స్ పోయింది, పోనీ.

నేను చూసిన నాలుగు స్టేడియాల్లో పిట్స్‌బర్గ్‌లోని ఈ పీఎన్‌సీ పార్కే అందమైనది. ఎదురుగా నది, పసుపు వంతెన, వెనక మేడలు. కుడివైపు గోడ 21 అడుగులు, అది పిట్స్‌బర్గ్ జట్టు పాత ఆటగాడు రొబెర్టో క్లెమెంటే జెర్సీ నంబరు. సరిగ్గా మూడువేల హిట్లు కొట్టిన మనిషి. 1972 డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకి సరుకులు తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో పోయాడు. అమ్మకి ఈ కథ చెప్పాక ఆ గోడకేసి చాలాసేపు చూసింది. తర్వాత ఆట మధ్యలో పిరోగీ (లోపల కూరి మడిచిన పిండివంట) వేషాలు పరుగుపందెం పెట్టుకుంటే, "ఒరేయ్, కజ్జికాయలు పరిగెడుతున్నాయిరా" అని లేచి నిలబడింది. కబ్స్ ఓడిపోయారు. ఆవిడకి పట్టలేదు.

అక్టోబరులో అమ్మ వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా "మీవాళ్ళు గెలిచారా" అని అడుగుతుంది. ఆటలు మళ్ళీ వసంతంలోనే అమ్మా అని మూడుసార్లు చెప్పాను.