ఎంబీ85ఆర్‌సీ256వీ ఎఫ్‌రామ్: అరిగిపోయే ఈఈప్రామ్‌కు మంచి బదులు, కానీ అతికించే వరస ముఖ్యం

పవర్ సప్లై, సిగ్నల్ జనరేటర్ లాంటి వాటిలో ఆఖరి సెట్టింగులు దాచేది తరచూ ఎనిమిది కాళ్ల ఈఈప్రామే, అంటే కరెంటు పోయినా డేటా నిలుపుకునే మెమరీ చిప్. అలాంటి 24ఎల్‌సీ256 చిప్ తీసుకుంటే, డేటాషీట్ హామీ 10 లక్షల రాతలు. వినడానికి చాలా ఎక్కువ. కానీ కంప్యూటర్ నుంచి సెకనుకోసారి వోల్టేజీ మారుస్తూ, ప్రతి మార్పునూ ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి ప్రోగ్రామ్) అదే చోట రాస్తుంటే రోజుకు 86,400 రాతలు. పన్నెండు రోజులు తిరక్కుండానే ఆ హామీ అయిపోతుంది. కాలిబ్రేషన్ బైట్లను (పరికరం కొలతలు సరిగా ఉండేలా దాచిన సవరణ విలువలు) ఎవరూ తిరగరాయరు, కాబట్టి అవి వేరే పేజీలో (చిప్ ఒకేసారి రాసుకునే 64 బైట్ల గుంపు) ఉంటే అరగవు. అయితే మొత్తానికీ ఒకే చెక్‌సమ్ (డేటా చెడిందేమో పట్టుకునే లెక్క) పెట్టిన ఫర్మ్‌వేర్, పక్కనున్న ఒక్క బైటు చెడినా కాలిబ్రేషన్‌ను కూడా తోసిపుచ్చుతుంది. అసలు నష్టం అక్కడే.

ఫుజిట్సు తెచ్చిన ఎంబీ85ఆర్‌సీ256వీ ఎఫ్‌రామ్ చిప్‌లో (ఇదీ కరెంటు పోయినా డేటా నిలుపుకునే మెమరీయే, కానీ ఫెర్రోఎలక్ట్రిక్ పదార్థంతో పనిచేస్తుంది) బైటుకు లక్ష కోట్ల సార్లు చదవొచ్చు, రాయొచ్చు. చదవడం కూడా లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే చదివినప్పుడు చెరిగిన బిట్‌ను చిప్పే వెంటనే తిరిగి రాసుకుంటుంది. అయినా సెకనుకోసారి లెక్కన 31 వేల ఏళ్లు దాటుతుంది. ఈఈప్రామ్‌లా రాత ముగిసేదాకా 5 మిల్లీసెకన్లు ఆగే పని లేదు, కాబట్టి రాస్తుండగా కరెంటు పోయి సగం పేజీ మిగిలే ప్రమాదం బాగా తగ్గుతుంది. 55 డిగ్రీల దగ్గర డేటా 95 ఏళ్లు నిలుస్తుందని డేటాషీట్ చెబుతోంది.

కాళ్ల అమరిక, ఐ2సీ (రెండు తీగల మీద చిప్‌లు మాట్లాడుకునే పద్ధతి) అడ్రస్ 24ఎల్‌సీ256వే. కొనేముందు రెండు చూసుకోండి: ప్యాకేజీ వెడల్పు, సప్లై వోల్టేజీ. ఇది 2.7 నుంచి 5.5 వోల్టుల మధ్యే పనిచేస్తుంది, 1.8 వోల్టుల బోర్డుకు పనికిరాదు.

చాలామంది తప్పేది అతికించేటప్పుడు. పాత చిప్‌ను విప్పి, ప్రోగ్రామర్‌లో (చిప్‌లోని డేటా చదివే, రాసే పరికరం) రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకటేనని సరిచూసి దాచుకోండి. అలవాటు కొద్దీ కొత్త చిప్‌లో ముందే డేటా నింపి టంకం పెట్టకండి. రీఫ్లో (ఓవెన్‌లో టంకం కరిగించే పద్ధతి) వేడికి ముందు రాసిన డేటా నిలుస్తుందన్న హామీ లేదని డేటాషీట్‌లోనే ఉంది. సోల్డరింగ్ ఐరన్‌తో చేసినా అదే జాగ్రత్త మేలు. ముందు ఖాళీ చిప్ అతికించాలి, పరికరాన్ని నడిపే మైక్రోకంట్రోలర్‌ను రీసెట్‌లో పట్టి ఉంచాలి, చిప్‌కు ప్రోగ్రామర్ క్లిప్ తగిలించి డేటా రాయాలి, తిరిగి చదివి పోల్చాలి. రాత పడకపోతే ఏడో కాలు, అంటే రాతను అడ్డుకునే రైట్ ప్రొటెక్ట్, హైలో ఉందేమో చూడండి. రీసెట్‌లో పట్టి ఉంచకుండా రాయబోతే బస్ (ఐ2సీ తీగలు) మీద మైక్రోకంట్రోలర్, ప్రోగ్రామర్ ఇద్దరూ పెత్తనం చేసి డేటా పాడవుతుంది.

విడి ఈఈప్రామ్ ఉన్న పరికరానికి నిస్సందేహంగా కొనదగ్గ చిప్ ఇది. సెట్టింగులు మైక్రోకంట్రోలర్ లోపలి మెమరీలోనే ఉంటే మాత్రం దీంతో పని లేదు. ఏటీమెగా328పీ అనే మైక్రోకంట్రోలర్ లోపలి ఈఈప్రామ్ హామీ లక్ష రాతలే. అక్కడ ఫర్మ్‌వేర్ మార్చే వీలుంటే, నాబ్ ఆగాక రెండు మూడు సెకన్లు చూసి, విలువ నిజంగా మారితేనే రాయించాలి.