ఎల్లోనైఫ్ అసెంబ్లీ గ్యాలరీ: టికెట్ లేదు, కానీ తేదీ చూసుకుని వెళ్లండి

ఎల్లోనైఫ్ అంటే కెనడా ఉత్తరాన ఉన్న నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌కి రాజధాని. చుట్టాలొస్తే ఎల్లోనైఫ్‌లో ఏం చూపిస్తారని చాలామంది అడుగుతుంటారు. చలికాలమైతే రాత్రి ఆకాశంలో రంగురంగుల వెలుగులు, అదే అరోరా, ఉంది, సమస్య లేదు. మా మామయ్యగారేమో మే నెలాఖరున దిగారు. ఆ రోజుల్లో ఇక్కడ రాత్రి సరిగా చీకటే పడదు, ఇక అరోరా ఎక్కడిది! ఆయన మా ఊళ్లో రెండుసార్లు వార్డు మెంబరుగా చేసిన మనిషి, పొద్దున లేస్తే పేపర్లో ముందు అసెంబ్లీ వార్తలే చదువుతారు. సరే, ఇక్కడి అసెంబ్లీకే తీసుకెళ్దాం అనుకున్నా. అందుకే నార్త్‌వెస్ట్ టెరిటరీస్ శాసనసభ సందర్శకుల గ్యాలరీ మీద ఈ రివ్యూ. ఐదుకి నాలుగున్నర, ముందే చెప్పేస్తున్నా.

మొదటిసారి వెళ్లినరోజు సభ లేదు. తప్పు నాదే, క్యాలెండర్ చూసుకోలేదు. ఇక్కడ సభ ఏడాది పొడుగునా నడవదు, విడతకి కొన్ని వారాలు. ఆ రోజు బిల్డింగే చూసి వచ్చాం, అది కూడా బాగానే ఉంది. ఫ్రేమ్ లేక్ ఒడ్డున చెట్ల మధ్య ఒదిగి ఉంటుంది, దగ్గరికి వెళ్లేదాకా ఇంత పెద్ద కట్టడం ఉందని తెలియదు. 1993లో తెరిచారు, అంతకుముందు ఈ సభకి సొంత ఇల్లే లేదు. లోపల సభ గుండ్రంగా ఉంటుంది, ఎదురుబొదురు వరసలు లేవు. మధ్యలో పరిచిన తెల్ల ఎలుగుబంటి చర్మం చూసి మామయ్యగారు "నిజందేనా?" అని రెండుసార్లు అడిగారు. నాకు మాత్రం నచ్చింది రాజదండం. దాని లోపల ఈ ప్రాంతంలోని ఊళ్ల నుంచి తెచ్చిన చిన్న చిన్న రాళ్లు పోశారు, ఎత్తి కదిలిస్తే వానచప్పుడులా వినిపిస్తుందట.

అసలు మజా రెండోసారి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ప్రార్థనతో మొదలవుతుంది. గ్యాలరీలో కూర్చున్నామో లేదో మామయ్యగారి మొదటి ప్రశ్న: "అమ్మా, ఇందులో అధికార పక్షం ఏ వైపు?"

ఏ వైపూ కాదు మామయ్యా అన్నాను. ఇక్కడ పార్టీలు లేవు. 19 మంది, అందరూ ఎవరికి వారే గెలిచి వచ్చినవాళ్లు. గెలిచాక అందరూ కూర్చుని రహస్య ఓటుతో ప్రీమియర్‌ని (మన ముఖ్యమంత్రి లాంటి పదవి), మంత్రుల్ని ఎన్నుకుంటారు. స్పీకర్‌నీ, ప్రీమియర్‌తో కలిపి ఏడుగురు మంత్రుల్నీ తీసేస్తే మిగిలింది 11 మంది మామూలు సభ్యులు. అంటే మంత్రుల కంటే వీళ్లే ఎక్కువ. "మరి తలుచుకుంటే దించేయొచ్చుగా?" అన్నారాయన. దించొచ్చు, 2020లో ఒక మంత్రిని సభే ఓటేసి తీసేసింది కూడా. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఇది పంచాయతీలానే ఉందే" అన్నారు చివరికి, అది మెచ్చుకోలో విమర్శో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ సర్వీసులో, సర్వీసు అనే అంటాను, బెస్ట్ ఐటమ్ ఏంటంటే సభ్యుల ప్రకటనలు. ఒక్కొక్కరికి రెండున్నర నిమిషాలు. ఏ ఊరి కష్టమైనా సరే, ఆ టైమ్‌లో చెప్పేయాలి. మేం వెళ్లినరోజు చిన్న ఊళ్ల తరఫున గెలిచిన ఒక సభ్యుడు (పేరెందుకులెండి) ముందు తన భాషలో నాలుగు మాటలన్నారు, మిగతావాళ్లు ఇయర్‌పీస్‌లు చెవిలో పెట్టుకున్నారు, తర్వాత ఇంగ్లీషులోకి వచ్చారు. ఇక్కడ అధికార భాషలు 11, అందులో తొమ్మిది ఆదివాసీ భాషలు, మిగతా రెండు ఇంగ్లీషు, ఫ్రెంచి. పాలు, కోడిగుడ్లు, డీజిలు ఖర్చు, నర్సు లేని హెల్త్ సెంటరు, ఇవే ఆయన మాటలు. గొంతు పెంచలేదు, బల్ల కొట్టలేదు. టైమ్ అయిపోయింది. అప్పుడు ఆయన స్పీకర్‌ని, నా ప్రకటన ముగించడానికి సభ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి అని అడిగారు. ఎవరూ కాదనలేదు. ఇంకో నిమిషం మాట్లాడి "మాసి" అని కూర్చున్నారు, ఇక్కడి ఆదివాసీలైన దెనే వాళ్ల భాషల్లో థ్యాంక్స్ అన్నమాట.

బయటి నుంచి చూసేవాళ్లకి ఇది చిల్లర విషయంలా ఉంటుంది, పాల ధర కూడా అసెంబ్లీలోనా అని. కానీ మ్యాపు ఒకసారి చూడండి. మెకెంజీ హైవే రిగ్లీ అనే ఊరితో ఆగిపోతుంది, అక్కడి నుంచి పైకి చలికాలంలో మంచు గట్టిపడ్డాకే దారి. వేసవిలో బరువు సామానంతా మెకెంజీ నది మీద బార్జీల్లో, అంటే సరుకు మోసే బల్లకట్టు పడవల్లో, రావాలి. 2024లో నదిలో నీళ్లు తగ్గి నార్మన్ వెల్స్ అనే ఊరికి బార్జీలు రాలేదు, ఇంధనం విమానాల్లో మోశారు. ఇలాంటి ఊరి సభ్యుడికి రోడ్డు అనేది ప్రచారంలో వాడే మాట కాదు. రోడ్డు వస్తే ఏమవుతుందో కూడా వాళ్లు చూశారు, 2021 చివర్లో వాతీ ఊరికి 97 కిలోమీటర్ల త్లిచో రోడ్డు తెరిచారు, అంతకుముందు అక్కడికీ చలికాలపు దారే దిక్కు.

త్లిచో అంటే ఇక్కడి ఒక ఆదివాసీ జనం. ఆ పేరు అనగానే మామయ్యగారి అసలు డౌట్ బయటపడింది. "ఎమ్మెల్యే పెద్దా, గ్రాండ్ చీఫ్ పెద్దా?"

దీనికి జవాబు చెప్పడానికి నాకు కాఫీ బ్రేకంతా పట్టింది. త్లిచో వాళ్లకి సొంత ప్రభుత్వం ఉంది, దాని పెద్దే గ్రాండ్ చీఫ్, ఒప్పందం 2003లో సంతకమై 2005లో అమల్లోకి వచ్చింది, దాదాపు 39,000 చదరపు కిలోమీటర్ల భూమి వాళ్లది, దాని మీద చట్టాలు చేసుకునే హక్కుంది. త్లిచో వాళ్ల నాలుగు ఊళ్లకి ఈ సభలో ఒక ఎమ్మెల్యే కూడా ఉంటారు. ఒకరి కింద ఒకరు కాదు, ఒకే జనానికి రెండు గొంతులు. మిగతా ఆదివాసీ జనాల్లో ఇనువియాలుయిట్‌కి 1984లో, గ్విచిన్‌కి 1992లో భూ ఒప్పందాలయ్యాయి. డేచో, అకైచో వాళ్లవి ఏళ్ల తరబడి చర్చల్లోనే నలిగాయి. 2014లో భూమి, నీళ్లు, ఖనిజాల మీద అధికారం ఒటావాలోని కేంద్ర ప్రభుత్వం నుంచి ఎల్లోనైఫ్‌కి మారినప్పుడు, అందులో చేరిన ఆదివాసీ ప్రభుత్వాలకి వనరుల ఆదాయంలో టెరిటరీ వాటా నుంచి 25 శాతం వరకు అని రాసుకున్నారు. కాబట్టి సభలో ఎవరైనా లేచి "ఆదివాసీ ప్రభుత్వాలని అడిగే చేశారా?" అంటే అది మర్యాద కోసం అడిగేది కాదు, లెక్క అడగడం. ఆ రోజు ప్రశ్నల సమయంలో అదే నడిచింది, మొదటి ప్రశ్న, దాని మీద మూడు అనుబంధ ప్రశ్నలు, మంత్రిగారు మూడోదానికి వచ్చేసరికి నీళ్లు తాగారు. మామయ్యగారు నా మోచేతి మీద తట్టారు, "చూశావా" అని.

మరి అర పాయింటు ఎందుకు కోశానంటే, దానికి ఈ పద్ధతే కారణం. మంత్రి అయినవాళ్లు సభలో ప్రశ్నలు అడగరు, కేబినెట్ మాటే తమ మాట. ఎల్లోనైఫ్‌కి ఏడు సీట్లున్నాయి కాబట్టి ఇద్దరు ముగ్గురు మంత్రులైనా మిగతావాళ్లు లేచి అడుగుతారు. కానీ విశాలమైన ప్రాంతానికి ఒక్కరే సభ్యుడై, ఆయన మంత్రి అయితే? పదవి వచ్చిందని ఊళ్లో దావత్ చేసుకుంటారు, సభలో వాళ్ల తరఫున లేచి అడిగేవాళ్లు మాత్రం ఉండరు. మంత్రి పదవులు ఉత్తరానికి రెండు, దక్షిణానికి రెండు, ఎల్లోనైఫ్‌కి రెండు అని ఒక ఆనవాయితీ ఉంది, మంచిదే, అది ఈ చిక్కుని మాత్రం తీర్చదు. ఇంకోటి, ప్రీమియర్ ఎవరో జనం నేరుగా తేల్చలేరు. పార్టీల గోల లేనందుకు ఇది ఖరీదు అనుకోవచ్చు, నాకు మాత్రం కాస్త ఎక్కువ ఖరీదే అనిపిస్తుంది.

వెళ్లేవాళ్లకి: ముందు సభ తేదీలు చూసుకోండి, నాలా చేయకండి. మొదటి గంటన్నర కూర్చుంటే చాలు, తర్వాత కమిటీలో బడ్జెట్ పద్దులు చదవడం మొదలైతే అలవాటు లేనివాళ్లకి నిద్రొస్తుంది. పిల్లల్ని తీసుకెళ్లొచ్చు. పక్కనే ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియం కూడా ఉంది, రెండూ ఒకే మధ్యాహ్నంలో అయిపోతాయి.

బయటికొచ్చి చెరువు చుట్టూ దారిలో నడుస్తుంటే మామయ్యగారు నా ఫోన్ చూపించి, "రెండున్నర నిమిషాలు టైమర్ పెట్టమ్మా" అన్నారు. పెట్టాను. మా వీధి మురుగుకాలువ గురించి మొదలుపెట్టారు, 2011లో శాంక్షనైన డబ్బు దగ్గర ఉండగా ఫోన్ మోగింది. ఆగి, నా వైపు తిరిగి, ముగించడానికి సభ అనుమతి కావాలన్నారు. ఇచ్చాను. ఇంకో పావుగంట పట్టింది.