హోలీ స్నైపర్ ఇంజెక్షన్ కిట్: ఇంజన్ రిచ్‌గా నడుస్తుంటే తప్పు ఎక్కడ వెతకాలి

కార్బ్యురేటర్ తీసేసి హోలీ స్నైపర్ ఇంజెక్షన్ కిట్ బిగించిన పాత వీ8 బండ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఇంజన్ రిచ్, అంటే గాలికి మించి పెట్రోల్ పడుతోందని: నల్ల పొగ, కళ్లు మండేంత పెట్రోల్ వాసన, నాలుగు రోజులకే మసిబారిన ప్లగ్గులు. నింద వెంటనే కిట్ మీద పడుతుంది. కిట్ మంచిదే. నాలుగు ఇంజెక్టర్లు, రెగ్యులేటర్, ఈసీయూ (కిట్ కంప్యూటర్) అన్నీ థ్రాటిల్ బాడీలోనే ఇమిడిపోయి, పాత నాలుగు బ్యారెళ్ల మానిఫోల్డ్ మీద నేరుగా కూర్చుంటాయి. అయితే గాలి, పెట్రోల్ మిశ్రమం సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి దానికున్న ఆధారం ఎగ్జాస్ట్ గొట్టంలోని ఒకే ఒక్క బాష్ ఎల్ఎస్‌యూ 4.9 ఆక్సిజన్ సెన్సర్. అది తప్పు చెబితే ఈసీయూ ఆ తప్పునే నమ్మి పెట్రోల్ పోస్తుంది.

ఈ కిట్‌లో అన్నిటికన్నా విలువైన భాగం నా దృష్టిలో చేతిలో పట్టుకునే స్క్రీన్. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి: ఏఎఫ్ఆర్ (గాలి, పెట్రోల్ నిష్పత్తి; అంకె తగ్గితే రిచ్) ఒకటి, క్లోజ్డ్ లూప్ కాంపెన్సేషన్ (సెన్సర్ మాట విని ఈసీయూ చేసే సవరణ) ఇంకొకటి. రెండోది ప్లస్‌లో ఉంటే ఈసీయూ పెట్రోల్ కలుపుతోంది, మైనస్‌లో ఉంటే కోస్తోంది. ప్లగ్గులు నల్లబడుతున్నా ఏఎఫ్ఆర్ 14 దగ్గర నిలకడగా ఉండి, కాంపెన్సేషన్ ప్లస్ 20, 25 శాతం చూపిస్తే సెన్సర్ మోసపోతోందని అర్థం. ఏఎఫ్ఆర్ 11కి దిగి, కాంపెన్సేషన్ మైనస్ అంచుకు పోయి ఆగిపోతే సెన్సర్ నిజమే చెబుతోంది, పెట్రోల్ నిజంగానే ఎక్కువ పడుతోంది. ఇది తేల్చుకోకుండా ఈసీయూ పెట్రోల్ టేబుళ్లలో అంకెలు మార్చేవాళ్లకి పని ఎప్పటికీ తెమలదు.

సెన్సర్ మోసపోయే చోట్లలో మొదటిది ఎగ్జాస్ట్ లీకు. గొట్టంలో ఒత్తిడి అలలుగా నడుస్తుంది. అల వెనక్కి తగ్గినప్పుడల్లా చిన్న సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. ఆ ఆక్సిజన్ చూసి సెన్సర్ మిశ్రమం పలచబడిందంటుంది. హెడర్ గాస్కెట్ పక్కన వెంట్రుకంత నల్లటి మసి గీత కనిపించినా వదలొద్దు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ చివర నుంచి బ్లోయర్‌తో గాలి పంపి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లితే బుడగలు చోటు చూపిస్తాయి. మిస్‌ఫైర్ కూడా ఇదే పని చేస్తుంది: కాలని ఆక్సిజన్ బయటికొచ్చి మిశ్రమం పలచగా, అంటే లీన్‌గా కనపడుతుంది, ఈసీయూ ఇంకా పోస్తుంది, ప్లగ్గు ఇంకా తడుస్తుంది. ఓవర్‌ల్యాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరిచి ఉండే సమయం) ఎక్కువున్న క్యామ్ అయితే ఐడిల్‌లో ఈ మోసం ఏ లీకూ లేకుండానే జరుగుతుంది. సెన్సర్‌ను ఎగ్జాస్ట్ గొట్టాలు ఒకటయ్యే కలెక్టర్ తర్వాత, గొట్టం చివరికి కనీసం 18 అంగుళాల ముందు, అడ్డ గీతకు 10 డిగ్రీలైనా పైకి వాల్చి పెట్టాలి. లేకపోతే చెమ్మ దిగి పాడవుతుంది.

ఏఎఫ్ఆర్ నిజంగానే రిచ్ అయితే ముందు పెట్రోల్ ప్రెషర్ గేజ్ పెట్టాలి. రెగ్యులేటర్ 58.5 పీఎస్ఐ దగ్గర ఉంచాలి. మిగిలిన పెట్రోల్‌ను ట్యాంకుకు తిరిగి పంపే రిటర్న్ లైన్ సన్నదైతే, ఎక్కడైనా నొక్కుకుపోతే పంపు తోసిన పెట్రోల్ వెనక్కి పోలేక ఒత్తిడి పెరుగుతుంది. ఇంజెక్టర్ ప్రవాహం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి నడుస్తుంది కనుక 70 పీఎస్ఐ చూపిస్తే ప్రతి పల్స్‌లోనూ సుమారు 9 శాతం అదనంగా పడుతున్నట్టే. పాత బండిలో ఉన్న పావు అంగుళం ఆవిరి గొట్టాన్నే రిటర్న్‌గా వాడేయడం ఇక్కడ మామూలుగా జరిగే తప్పు. 3/8 అంగుళం గొట్టం వేయాలి. కీ ఆఫ్ చేశాక థ్రాటిల్ బాడీలోకి టార్చి వేసి చూడండి. ఇంజెక్టర్ కొస నుంచి చుక్కలు రాలుతుంటే అది ట్యూనింగ్‌తో పోయే జబ్బు కాదు.

తర్వాత కూలంట్ సెన్సర్. ఇంజన్ 160 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 71 సెల్సియస్ దాటితే గానీ స్నైపర్ తన సవరణలను గుర్తుపెట్టుకుంటూ నేర్చుకోవడం మొదలుపెట్టదు. పాత ఇంజన్లో 160 థర్మోస్టాట్ ఉంటే ఆ గీత దగ్గరే ఊగిసలాడుతూ, చలికి పోసే అదనపు పెట్రోల్ పూర్తిగా ఆగకుండా నడుస్తుంది. 180 థర్మోస్టాట్ వేస్తే చాలాసార్లు ఇంకేమీ ముట్టుకోనక్కర్లేదు. సెన్సర్ ఉన్న చోట గాలి బుడగ చిక్కినా అది చల్లగానే చూపిస్తుంది, కాబట్టి స్క్రీన్ అంకెను ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో పోల్చండి.

స్క్రీన్ మీద ఆర్పీఎం ఉన్నట్టుండి ఎగిరి పడుతుంటే అది ఇగ్నిషన్ నాయిస్ (స్పార్క్ వైర్ల విద్యుత్ గోల); దాంతో ఈసీయూ ఇంజన్ వేగాన్ని తప్పుగా లెక్కగట్టి పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. రెసిస్టర్ ప్లగ్గులు, సప్రెషన్ వైర్లు వేయాలి, హార్నెస్‌ను కాయిల్‌కు దూరంగా తిప్పాలి, పవర్, ఎర్త్ రెండూ నేరుగా బ్యాటరీకే కలపాలి.

వాక్యూమ్ లీకు విషయంలో కార్బ్యురేటర్ అలవాటు పనికిరాదు. ఇది మానిఫోల్డ్ ఒత్తిడి చూసి పెట్రోల్ లెక్కగట్టే పద్ధతి. లీకుతో ఒత్తిడి పెరిగితే పెట్రోలూ పెరుగుతుంది, ఐడిల్ పైకి పోతుంది.

కారణం దొరికి బాగు చేశాక రెండు పనులు మరవొద్దు. డిప్‌స్టిక్ వాసన చూడండి; పెట్రోల్ కలిసిన ఆయిల్ ఉంటే మార్చేయాలి, లేకపోతే దాని ఆవిరి పీసీవీ (క్రాంక్‌కేస్ ఆవిరిని ఇంజన్లోకి లాగే వాల్వు) దారిన మళ్లీ ఇంజన్లోకే వెళ్లి రిచ్ చేస్తుంది. ఆపైన తప్పు సెన్సర్ మాట విని నేర్చుకున్న లెర్న్ టేబుల్‌ను చెరిపి, కొత్తగా నేర్పాలి.

ఎగ్జాస్ట్ గట్టిగా ఉండి, ఇగ్నిషన్ కుదురుగా ఉండి, సరైన రిటర్న్ లైన్ వేసే ఓపిక ఉన్నవాళ్లకు ఈ కిట్ నిస్సంకోచంగా చెప్తాను. లైన్లు, ట్యాంకు ముట్టుకోకుండా ఒక్క సాయంత్రంలో బిగించేద్దామనుకునేవాళ్లు మాత్రం ఇప్పుడే కొనొద్దు. ముందు ఆ డబ్బుతో ఎగ్జాస్ట్ గాస్కెట్లు, ప్లగ్ వైర్లు మార్చుకోండి.