తండ్రి పేరు లేని గడి: ఎడిన్‌బరో, గ్లాస్గోల్లో మూడు రోజులు

సంబంధం లేని పది పేజీలు తెరిస్తే పదిహేను పౌండ్లు పోతాయి. స్కాట్లాండ్ బొగ్గుగని కుటుంబాల్లో తండ్రెవరో తేలని పూర్వీకుడి కోసం హోటల్ గదిలో కూర్చుని, జనన, పెళ్ళి నమోదులుండే స్కాట్లాండ్ ప్రభుత్వ సైటు స్కాట్లాండ్స్‌పీపుల్‌లో వెతికేవాళ్ళ జేబు ఖాళీ అయ్యేది ఇక్కడే. 30 క్రెడిట్లు 7.50 పౌండ్లు, ఒక్కో జనన నమోదు చూడాలంటే 6 క్రెడిట్లు, అంటే 1.50. గని పల్లెల్లో అవే నాలుగైదు పేర్లు తాత నుంచి మనవడికి తిరుగుతుంటాయి కాబట్టి మొదటి దెబ్బకే సరైన పేజీ దొరకడం అరుదు.

అదే పదిహేను పౌండ్లకు ఎడిన్‌బరో ప్రిన్సెస్ స్ట్రీట్ మొదట్లోని పాత రికార్డుల భవనం జనరల్ రిజిస్టర్ హౌస్‌లో రోజంతా సీటు ఇస్తారు. ఎన్ని పేజీలైనా తెరవొచ్చు. ముందే బుక్ చేసుకోండి. ఆగస్టులో మాత్రం వద్దు, ఉత్సవాల రోజుల్లో గది అద్దెలు భరించలేం.

సీట్లో కూర్చున్నాక తండ్రి గడి ఖాళీగా ఉందని నిరాశపడి పేజీ మూసేయకండి. 1855 జనవరి 1న పౌర నమోదు మొదలైనప్పటి నుంచి, పెళ్ళికాని తల్లి బిడ్డకు తండ్రి పేరు రాయాలంటే ఆయన స్వయంగా ఒప్పుకుని తల్లితో పాటు సంతకం చేయాలి. చేయకపోతే ఆ గడి ఖాళీయే. చూడాల్సింది ఎడమ మార్జిన్. అక్కడ 'ఆర్‌సీఈ' అన్న గుర్తుంటే సవరించిన నమోదుల రిజిస్టరులోకి వెళ్ళండి. బిడ్డ తండ్రెవరో తేల్చమని తల్లి షెరీఫ్ కోర్టులో (స్థానిక న్యాయస్థానంలో) వేసిన దావా గెలిచి ఉంటే తండ్రి పేరు, కోర్టు పేరు, తీర్పు తేదీ అక్కడ దొరుకుతాయి. ఖాళీ గడి చూసిన కళ్ళకు ఆ నాలుగు వరుసలు ఎంత ఆనందమో! ఆ తేదీ పట్టుకుని అదే భవనంలోని హిస్టారికల్ సెర్చ్ రూమ్‌లో కోర్టు కాగితాలు అడగొచ్చు. కొన్ని వేరే చోట భద్రపరిచారు, ముందుగా ఆర్డరు పెట్టాలి. లోపల పెన్ను నిషేధం, పెన్సిలే.

మార్జిన్ ఖాళీగా ఉంటే చర్చి పెద్దల సభ మినిట్లు, అంటే కర్క్ సెషన్ పుస్తకాలు తిరగేయాలి. వీటిని సైటులో ఉచితంగానే చదవొచ్చు. పేర్ల సూచిక లేదు కాబట్టి పుట్టిన తేదీకి ఆరు నెలల ముందు నుంచి ఏడాది తర్వాత దాకా పేజీ పేజీ చూడాలి. తండ్రెవరని పెద్దలు తల్లిని నిలదీసి, ఆమె చెప్పిన పేరు రాసుకునేవారు. కుటుంబం కాథలిక్ అయితేనో, 1843లో స్కాట్లాండ్ చర్చి చీలినప్పుడు విడిపోయిన ఫ్రీ చర్చికి వెళ్ళిపోతేనో ఆ ఊరి పాత చర్చి పుస్తకంలో వాళ్ళు కనిపించరు.

బిడ్డ పెద్దయ్యాక తన పెళ్ళి నమోదులో చెప్పిన తండ్రి పేరును మాత్రం వెంటనే నమ్మకండి. అది సవతి తండ్రిది కావచ్చు, పెంచిన తాతది కావచ్చు, పరువు కోసం కల్పించినదీ కావచ్చు. మధ్య పేరుగా ఉన్న ఇంటిపేరు కూడా ఆధారమే గానీ రుజువు కాదు.

గ్లాస్గో చుట్టుపక్కలి లానార్క్‌షైర్ గని కుటుంబాలవాళ్ళు ఒక రోజు గ్లాస్గో మిచెల్ లైబ్రరీకి ఇవ్వాల్సిందే. ఎడిన్‌బరో నుంచి రైల్లో సుమారు 50 నిమిషాలు, ప్రవేశం ఉచితం. 1845 చట్టం తర్వాతి పేదల సహాయ దరఖాస్తులు అక్కడున్నాయి. బిడ్డతో సహాయం అడిగిన ఒంటరి తల్లి దగ్గర తండ్రి పేరు, ఊరు, పని ఆరా తీసి రాసుకున్నవి చాలా ఉన్నాయి. సిబ్బంది ఓపిక మెచ్చుకోదగ్గది.

వెంట వచ్చినవాళ్ళు మధ్యాహ్నానికే విసుగెత్తిపోతారు. వాళ్ళను వేవర్లీ స్టేషన్లో రైలెక్కించి న్యూటన్‌గ్రేంజ్ పంపండి. 1981లో మూతపడిన లేడీ విక్టోరియా గనే ఇప్పుడు జాతీయ గనుల మ్యూజియం. వంశవృక్షాలు అక్కడ దొరకవు, ఆ మనుషులు పనిచేసిన చోటు కనిపిస్తుంది.