శనివారం సౌండ్ ఎవరికి? మా పేట స్పోర్ట్స్ బార్ రివ్యూ

టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో హురొంటారియో స్ట్రీట్ మీద ఒక ప్లాజాలో, డెంటిస్ట్ క్లినిక్‌కీ పిజ్జా షాపుకీ మధ్య ఇరుక్కుని ఉన్న స్పోర్ట్స్ బార్ గురించి ఈ రివ్యూ. పేరు రాయను. రాస్తే శనివారం సాయంత్రం నాకే టేబుల్ దొరకదు. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది, దయచేసి గుట్టు కాపాడండి.

తిండి సంగతి ముందే తేల్చేస్తాను, చెప్పుకోవడానికి పెద్దగా లేదు కాబట్టి. చికెన్ వింగ్స్ బాగుంటాయి. పౌండు 18 డాలర్లు, దానిమీద 13 శాతం అమ్మకం పన్ను (హెచ్‌ఎస్‌టీ), ఆపైన టిప్పు. మెనూలో హాట్ అని రాసింది మనకు చప్పగానే ఉంటుంది, అన్నిటికన్నా ఘాటైనదే అడగండి. పూటిన్ (చీజ్, గ్రేవీ వేసిన ఫ్రెంచ్ ఫ్రైస్) మీద పోసే గ్రేవీ బీఫ్‌ది. తినని వాళ్లు ఆర్డర్ ఇచ్చేముందే అడగాలి, వాళ్లంతట వాళ్లు చెప్పరు. నాచోస్ జోలికి పోకండి. పైన చీజ్ చూసి మురిసిపోతాం, కిందంతా ఉత్త చిప్సే. సర్వ్ చేసే అమ్మాయిలు మాత్రం మంచి చురుకు. ఎంత రద్దీలో ఉన్నా నీళ్ల గ్లాసు ఖాళీ అవనివ్వరు.

మేం వెళ్లేది ఎలాగూ తిండి కోసం కాదు, టీవీల కోసం. గోడల నిండా టీవీలే, కౌంటర్ పైన ఉన్నది అన్నిటికన్నా పెద్దది. ఒకేసారి ఎన్ని ఆటలు నడుస్తున్నా సౌండ్ మాత్రం ఒక్కదానికే ఇస్తారు. రిమోట్ మేనేజర్ జేబులో ఉంటుంది, ఆయన దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. నేను ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక వేర్‌హౌస్‌లో పేరోల్ చూస్తాను. మా లంచ్ రూమ్‌లో ఎవరో ఒకరు, కెనడాలో హాకీ (అదే, ఐస్ మీద ఆడేది) పని అయిపోయింది, ఇప్పుడంతా బాస్కెట్‌బాలూ సాకరూ అని మొదలుపెడతారు. ఇంకొకరు కస్సుమంటారు. వాళ్లందర్నీ తీసుకొచ్చి ఈ బార్‌లో కూర్చోబెట్టి, సౌండ్ ఏ టీవీకి పోతోందో చూడమనాలని ఉంటుంది నాకు.

శనివారం రాత్రయితే హాకీకే. అడిగే పనే లేదు. 1952 నుంచి టీవీలో శనివారం అంటే హాకీ నైట్ ఇన్ కెనడా, ఈ బార్‌లోనూ అదే ఆనవాయితీ. మా హాకీ జట్టు టొరంటో మేపుల్ లీఫ్స్ చివరిసారి లీగ్ టైటిల్ స్టాన్లీ కప్ గెలిచింది 1967లో. ఆ తర్వాత ఫైనల్ గడప కూడా తొక్కలేదు. అసలు కెనడా జట్టు ఏదైనా ఆ కప్పు ఎత్తి చూపించింది చివరిసారి 1993లో, అదీ మాంట్రియల్ వాళ్లు. అయినా పెద్ద టీవీ హాకీదే, సౌండ్ హాకీదే. ఇంతకాలం ఓడినవాళ్లకు ఇంత మర్యాద ఇంకే ఆటలోనైనా దక్కుతుందా అంటే నాకు అనుమానమే.

మిగతా ఆటలకు ఆ సౌండ్ కావాలంటే గెలిచి తీరాలి. 2019 జూన్‌లో టొరంటో బాస్కెట్‌బాల్ జట్టు రాప్టర్స్ ఎన్‌బీఏ టైటిల్ కొట్టినప్పుడు ఇక్కడ కుర్చీల మీద ఎక్కి అరిచారు. ఆ తర్వాత సీజన్లలో వాళ్ల ఆట మళ్లీ పక్క గోడకు పోయింది, మ్యూట్‌లో. మన బేస్‌బాల్ జట్టు బ్లూ జేస్ సంగతి ఇంకా బాగా చెప్పొచ్చు. 2025 నవంబర్ 1, బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో ఆఖరి ఏడో మ్యాచ్, టొరంటోలో మన రోజర్స్ సెంటర్‌లోనే. అది శనివారం. హాకీకి రాసిచ్చేసిన రాత్రి సౌండ్ బేస్‌బాల్‌కి పోవడం ఈ బార్‌లో నేను అప్పుడే చూశాను. హాకీ ఎక్కడుందా అని వెతికితే కిచెన్ తలుపు పక్కన చిన్న టీవీలో, మూగగా, ఏదో మ్యాచ్ నడుస్తోంది. ఒక్కరూ అటు చూడలేదు. డాడ్జర్స్ ఆటగాడు ఓటానీ బౌలింగ్‌లో (బేస్‌బాల్ వాళ్లు పిచింగ్ అంటారనుకోండి, మా టేబుల్ దగ్గర బౌలింగే) మన బో బిషెట్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టినప్పుడు పక్క టేబుల్ వాళ్ల జగ్గు దొర్లి బీరంతా మా ఆయన ప్యాంటు మీద పోయింది, ఆయన పట్టించుకోలేదు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ సమం చేశారు, పదకొండో ఇన్నింగ్స్‌లో విల్ స్మిత్ హోమ్ రన్‌తో 5-4గా వాళ్లే గెలిచారు. అర్ధరాత్రి దాటాక అందరం మొహాలు వేలాడేసుకుని పార్కింగ్‌కి నడిచాం.

మరుసటి శనివారం సౌండ్ మళ్లీ హాకీకి. అంత గొప్ప బేస్‌బాల్ సీజన్ చూసిన ఊరు కదా, ఎవరైనా మాట వరసకైనా దాని ఊసెత్తుతారేమో అనుకున్నాను. ఎత్తలేదు.

కాబట్టి హాకీకి ఢోకా లేదని అంటున్నానా? అనడం లేదు. జనవరిలో ఒక మంగళవారం వెళ్లి చూడండి. లీఫ్స్ ఆడుతూనే ఉంటారు, సౌండ్ ఉండదు. స్పీకర్లలో ఏవో పాటలు. సగం టేబుల్స్ ఖాళీ, ఉన్నవాళ్లు ఫోన్లలో. గోల్ పడితే తల ఎత్తి రీప్లే చూసి మళ్లీ ఫోన్లోకి పోతారు. పెద్ద మ్యాచ్‌కి జనం ఎక్కడికీ పోలేదు, మామూలు మ్యాచ్ చూసేవాళ్లే పల్చబడ్డారు. సీజన్‌లో ఎనభైకి పైగా మ్యాచ్‌లు. అన్నీ చూసే ఓపిక ఎవరికుంది చెప్పండి, చూద్దామన్నా డబ్బెక్కడుంది?

ఆ డబ్బు సంగతే ఈ బార్‌ని పోషిస్తోందని నా నమ్మకం. ఇక్కడి ఫోన్, కేబుల్ కంపెనీ రోజర్స్ కెనడాలో ఎన్‌హెచ్ఎల్ (లీఫ్స్ ఆడే హాకీ లీగ్) ప్రసార హక్కుల్ని 2013లో 12 ఏళ్లకు 520 కోట్ల డాలర్ల పైచిలుకుకు కొంది. 2026-27 సీజన్ నుంచి ఇంకో 12 ఏళ్లకు 1100 కోట్లు. అంత పోసి కొన్నవాళ్లు ఊరికే చూపించరు కదా. శనివారం సీబీసీలో ఉచితంగా వస్తుంది, సరే. మిగతా రోజుల్లో లీఫ్స్ మ్యాచ్‌లు కొన్ని స్పోర్ట్స్‌నెట్‌లో, కొన్ని టీఎస్ఎన్‌లో, రెండూ డబ్బు కట్టి చూసే చానెళ్లే. 2024-25 నుంచి సోమవారం రాత్రి మ్యాచ్‌లు అమెజాన్ ప్రైమ్‌లో పెట్టారు. ఏ రోజు ఎందులో వస్తుందో గుర్తుపెట్టుకోవడానికే మా ఆయన ఫ్రిజ్ మీద కాగితం అంటించాడు. ఆఖరికి విసుగొచ్చి ఒక ప్యాకేజీ తీసేసి, ఆ డబ్బు ఇక్కడ వింగ్స్ మీద పెడుతున్నాం. ఇంకో తమాషా చూడండి. బ్లూ జేస్ రోజర్స్‌వే. లీఫ్స్‌నీ రాప్టర్స్‌నీ నడిపే సంస్థలో 2025లో 75 శాతం వాటా కూడా వాళ్లకే వచ్చింది. బార్‌లో సౌండ్ ఎటు పోయినా లాభం ఒకే ఇంటికి.

చూడటానికే ఇంత అయితే ఆడటం సంగతి చెప్పనక్కర్లేదు. మా అబ్బాయి చిన్నప్పుడు పేటలోని హౌస్ లీగ్‌లో హాకీ ఆడాడు. శనివారం తెల్లవారుజామున ఆరింటికి రింక్‌లో ఉండాలి, మైనస్ పదిహేనులో కారు మీద మంచు గీక్కుని వెళ్లాలి. హెల్మెట్, షోల్డర్ ప్యాడ్స్, షిన్ ప్యాడ్స్, గ్లవ్స్, స్టిక్, స్కేట్స్, ఐస్‌కి ఫీజు. వచ్చే చలికాలానికి స్కేట్స్ బిగుతు, మళ్లీ కొనాలి. ఒకరోజు వాడే వచ్చి, "అమ్మా, బాస్కెట్‌బాల్‌కి షూస్ ఒక్కటి చాలమ్మా" అన్నాడు. నా మీద జాలిపడ్డాడో, నిజంగానే ఇష్టం మారిందో అడగలేదు. ఇప్పుడు బార్‌కి మాతో వచ్చినా పక్క గోడ మీద రాప్టర్స్ మ్యాచ్ చూసుకుంటూ కూర్చుంటాడు. వాడి స్నేహితులూ అంతే. కౌంటర్ దగ్గర ఎత్తు కుర్చీల్లో లీఫ్స్ జెర్సీలతో కూర్చునేవాళ్ల తలలు మాత్రం సగానికి సగం నెరిసినవి.

వలస వచ్చినవాళ్ల వల్లే హాకీ తగ్గుతోందని లంచ్ రూమ్‌లో అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లను కిటికీ పక్క టేబుల్‌కి పంపిస్తాను. అక్కడ శనివారం శనివారం ఒక పంజాబీ పెద్దాయన తన అల్లుడినీ మనవరాలినీ తీసుకుని వస్తాడు. ఇంట్లో అయితే పంజాబీ కామెంటరీతో చూస్తాడట. ఆ ప్రసారం 2008లో మొదలైంది. ఇంగ్లిష్‌లో అర్థమయ్యేదానికన్నా పంజాబీలో గోల్ పడితే ఒళ్లు పులకరిస్తుందని చెప్పాడు. లీఫ్స్ పవర్ ప్లే (ఎదుటి జట్టులో మనిషి తగ్గినప్పుడు ఆడే ఆట) ఎందుకు కుదరడం లేదో నాప్‌కిన్ మీద పెన్నుతో గీసి మరీ వివరిస్తాడు. "అంకుల్, కోచ్‌గా వెళ్లిపోండి" అంటే, "జీతం తక్కువమ్మా" అన్నాడు. మనకు తెలుగులో అలాంటి కామెంటరీ ఉంటే మా అత్తగారు కూడా వచ్చి కూర్చునేదేమో.

పెద్ద మ్యాచ్‌లంటే గుర్తొచ్చింది. 2025 ఫిబ్రవరి 20, ఫోర్ నేషన్స్ హాకీ టోర్నమెంట్ ఫైనల్, బోస్టన్‌లో కెనడాకీ అమెరికాకీ. కెనడా తమ 51వ రాష్ట్రం అయిపోవాలని అమెరికా అధ్యక్షుడు రోజూ అంటున్న రోజులవి. అంతకు కొద్దిరోజుల ముందే మాంట్రియల్‌లో జనం అమెరికా జాతీయగీతానికి గేలి చేశారు, ఆట మొదలైన తొమ్మిది సెకన్లలో మూడు కొట్లాటలు. ఫైనల్ గురువారం రాత్రి, మర్నాడు ఆఫీసు, అయినా బార్ బయట క్యూ. హాకీ పని అయిపోయిందని లంచ్‌లో వాదించే మనిషి నాకన్నా ముందే వచ్చి టేబుల్ పట్టుకున్నాడు, ఎర్ర జెర్సీలో. ఓవర్‌టైమ్‌లో కెనడా ఆటగాడు మక్‌డేవిడ్ గోల్ కొట్టి 3-2 చేయగానే ఆయన వచ్చి నన్ను కావలించుకున్నాడు. సోమవారం లంచ్‌లో మళ్లీ పాత పాటే అందుకున్నాడనుకోండి.

ఆ ఏడాదే మే 18న ఇంకో రకం సీన్. విక్టోరియా డే లాంగ్ వీకెండ్, సొంత ఊళ్లో ఫ్లోరిడాతో ప్లేఆఫ్స్ (సీజన్ చివర కప్పు కోసం ఆడే సిరీస్‌లు) ఏడో మ్యాచ్, లీఫ్స్ 6-1తో చిత్తు. టీవీలో అభిమానులు జెర్సీలు విప్పి ఐస్ మీదకు విసురుతున్నారు, ఇక్కడ మూడో పీరియడ్ సగంలోనే బిల్లు కోసం చేతులు లేస్తున్నాయి. కౌంటర్ దగ్గర పెద్దమనిషి ఒకాయన లీఫ్స్ టోపీ తీసి బల్ల మీద పడేసి, ఇక జన్మలో వీళ్లను చూడనన్నాడు. అక్టోబర్‌లో వెళ్తే అదే కుర్చీలో, అదే టోపీతో ఉన్నాడు. సర్వ్ చేసే అమ్మాయి ఆ టోపీని ఎండాకాలమంతా కౌంటర్ కింద దాచిందట.

ఇప్పుడు నా ఫిర్యాదు. మహిళల హాకీ లీగ్ పీడబ్ల్యూహెచ్ఎల్ 2024 జనవరిలో మొదలైంది. ఆ ఏప్రిల్‌లోనే మాంట్రియల్ బెల్ సెంటర్‌లో టొరంటోతో మ్యాచ్‌కి 21,105 మంది వచ్చారు. హాకీలో కొత్తగా పెరుగుతున్న జనం ఎక్కడైనా ఉన్నారంటే అక్కడే. ఈ బార్‌లో ఆ లీగ్‌లోని మా జట్టు టొరంటో స్కెప్టర్స్ మ్యాచ్ పెట్టమని అడిగితే వాష్‌రూమ్‌కి వెళ్లే దారిలో, చిన్న డబ్బా సైజు టీవీ ఒకటుంది, దాంట్లో పెట్టారు. వచ్చేపోయేవాళ్లందరికీ తప్పుకుంటూ నిలబడి చూశాను. పెద్ద టీవీలో అప్పుడు ఏముందనుకున్నారు? పోకర్ రీప్లే. కూర్చున్న మగవాళ్లు కూడా దాన్ని చూడటం లేదు. మేనేజర్‌ని అడిగితే, కస్టమర్లు అడగరు మేడమ్ అన్నాడు. నేను కస్టమర్‌ని కాకపోతే ఎవర్ని మరి?

వెళ్లాలనుకునేవాళ్లకు: ప్లేఆఫ్స్‌లో బుకింగ్ తీసుకోరు, రెండు గంటల ముందు వెళ్లాలి, మనిషికి కనీసం 30 డాలర్ల ఆర్డర్ ఇవ్వాలి. పిల్లల్ని తీసుకెళ్లొచ్చు, హై చైర్లున్నాయి. స్పీకర్ కింద టేబుల్ ఇస్తే వద్దనండి, మాట వినబడదు. ప్రస్తుతానికి అయిదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. వచ్చే స్కెప్టర్స్ మ్యాచ్‌కి మా ఆఫీసు ఆడవాళ్లం ఎనిమిదిమందిమి వెళ్తున్నాం, వింగ్స్ ముందే ఆర్డర్ చెప్పేశాను. అప్పుడూ వాష్‌రూమ్ దారే చూపిస్తే ఇక్కడికొచ్చి రెండు స్టార్లు తీసేస్తాను.