కొలెస్ట్రాల్ మాత్ర పేరు చివర ‘గోల్డ్’ అని ఉందా? డాక్టర్ చీటీతో సరిచూసుకోండి

కొలెస్ట్రాల్‌కి రోజూ మాత్ర వేసుకునేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లకి తెచ్చిపెట్టేవాళ్లు ఇది చదవండి.

అమ్మకి డాక్టర్ రాసింది రోసువాస్టాటిన్ 10, రాత్రికి ఒకటి, అంతే. గుండెజబ్బు లేదు, స్టెంట్ లేదు. మా కాలనీ మెడికల్ షాపులో ఆ మాత్ర అయిపోయిందని, అదే కంపెనీ క్యాప్సూల్స్, పేరు చివర ‘గోల్డ్’ ఉన్నవి, చేతిలో పెట్టారు. "అదేనమ్మా, ఇంకా మంచిది, రేటు కాస్త ఎక్కువ" అన్నాడట. టీపొడి నుంచి చిట్‌ఫండ్ దాకా గోల్డ్ అంటే మేలురకం అని అమ్మే ఊళ్లో ఆవిడ మాత్రం ఏమనుకుంటుంది?

మందుల్లో సంగతి వేరు. రోసువాస్టాటిన్‌తో పాటు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపిన క్యాప్సూల్‌కి చాలా కంపెనీలు ఆ పేరు పెట్టాయి. ఆ రెండూ రక్తం గడ్డకట్టకుండా చూసేవి. స్టెంట్ వేసినవాళ్లకి ప్రాణం నిలిపే మందులే. అవసరం లేని పెద్దమనిషి రోజూ మింగితే కడుపులో పుండు పడి రక్తం పోవచ్చు.

అమ్మకి గాజులు ఒత్తుకున్న చోటల్లా కమిలిన మచ్చలు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. పన్ను తీయించుకోవడానికి వెళ్తే డెంటిస్టు ముందు స్ట్రిప్ చూపించమన్నారు, అలా బయటపడింది. ఆయన అడగకుండా పన్ను పీకేసి ఉంటే ఏమయ్యేదో. తర్వాత ఫిజీషియన్ పాత మాత్రే మళ్లీ రాశారు, మచ్చలు తగ్గాయి.

షాపుకి వెళ్లి అడిగితే "కొలెస్ట్రాల్ మందు అందులోనూ ఉంది కదా సార్" అని జవాబు! షెడ్యూల్ హెచ్ మందుకి, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుకి, చీటీలో రాసింది కాకుండా ఇంకోటి ఇవ్వకూడదని 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లోనే ఉంది. డిస్కౌంట్ బోర్డు మాత్రం తలుపంత పెద్దది పెట్టారు.

కొనేటప్పుడు పెద్దక్షరాల బ్రాండ్ పేరు కాదు, దాని కింద చిన్నగా ఉండే మందుల పేర్లు చదవండి. ఒక్క మందు రాస్తే ఒక్క పేరే ఉండాలి. చివర ‘ఎఫ్’ ఉంటే సాధారణంగా ఫెనోఫైబ్రేట్ అనే ఇంకో కొవ్వు మందు, ‘ఏఎస్‌పీ’ ఉంటే ఆస్పిరిన్ కలిసినట్టు. కత్తెరతో సగం కోసిచ్చే స్ట్రిప్ అసలు తీసుకోకండి, పేరూ ఎక్స్‌పైరీ రెండూ అవతలి ముక్కలో ఉండిపోతాయి.

ఇది చదివి ఎవరూ సొంతంగా మందు ఆపొద్దు. స్టెంట్ ఉన్నవాళ్లకి డాక్టరే గోల్డ్ రాసి ఉండొచ్చు, దాన్ని ఉన్నట్టుండి ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. అనుమానం వస్తే స్ట్రిప్ ఫోటో డాక్టర్‌కి పంపండి. మలం నల్లగా తారులా వస్తే మాత్రం ఫోటోలతో కాలయాపన వద్దు, ఆస్పత్రికి వెళ్లండి. రోసువాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందు (స్టాటిన్) ఏది వాడుతున్నా కండరాలు విపరీతంగా నొప్పి పుట్టి, మూత్రం ముదురు రంగులో వచ్చినా అంతే.

బిల్లు, మిగిలిన స్ట్రిప్ దాచి ఉంచాం. బిల్లులో బ్యాచ్ నంబరుతో సహా ఉంది కాబట్టి షాపువాడు ఇవ్వలేదని అనలేడు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో కాగితం పెట్టాం, వాళ్లు ఇంకా పిలవలేదు.