టీటీఎల్ పెంచాలా, నేమ్‌సర్వర్ మార్చాలా? చిన్న సైటుకి ఏది మేలు

"సైటు నొక్కగానే తెల్ల స్క్రీన్ మీద గుండ్రంగా తిరుగుతూ ఉంటోందిరా. ఒకసారి తెరుచుకున్నాక మాత్రం గబగబా వచ్చేస్తోంది" అని ఆత్రేయపురం నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. పూతరేకులు అమ్మే చిన్న సైటు ఆయనది. సర్వర్ ముంబైలోనే ఉంది, ఫొటోలన్నీ కుదించే పెట్టాను. అనుమానం వచ్చి డిగ్ కమాండ్‌తో (జవాబుకి ఎంతసేపు పట్టిందో చూపేది) నేమ్‌సర్వర్‌ని, అంటే సైటు పేరుకి సర్వర్ అడ్రస్ చెప్పే కంప్యూటర్‌ని, నేరుగా అడిగితే 'క్వెరీ టైమ్' దగ్గర 260 మిల్లీసెకన్లు కనిపించింది. హోస్టింగ్ కంపెనీ ఇచ్చిన రెండు నేమ్‌సర్వర్లూ అమెరికాలో ఉన్నాయి. అందులో రెండోది అసలు పలకనే లేదు!

సైటు పేరు కొట్టగానే బ్రౌజర్ ముందు నెట్ కంపెనీ రిజాల్వర్‌ని, అంటే మన తరఫున అడ్రస్ వెతికిపెట్టే సర్వర్‌ని, అడుగుతుంది. దాని దగ్గర జవాబు ఇంతకుముందే దాచి ఉంటే క్షణంలో పని అయిపోతుంది. లేకపోతే అది అన్నిటికీ పైనున్న రూట్ సర్వర్‌ని, తర్వాత .కామ్ సర్వర్‌ని, చివరికి మన నేమ్‌సర్వర్‌ని అడుగుతూ పోవాలి. ఇందులో మన చేతిలో ఉన్నది ఆ చివరి మెట్టు ఒక్కటే. ఆ మెట్టు మీద పలకని సర్వర్ తగిలితే, కాసేపు ఎదురుచూసి ఇంకోదాన్ని అడగాల్సి వస్తుంది. బాబాయి చూసిన తెల్ల స్క్రీన్ అదే.

ఎవరో చెప్పారని బాబాయి అప్పటికే తన ఫోన్లో డీఎన్‌ఎస్ (పేరుని అడ్రస్‌గా మార్చే వ్యవస్థ) రిజాల్వర్‌ని 1.1.1.1కి మార్చుకున్నాడు. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది అయినా, గూగుల్ వాళ్ల 8.8.8.8 అయినా మంచి రిజాల్వర్లే. కానీ వాటితో వేగం పెరిగేది మార్చుకున్నవాళ్ల ఫోన్‌కే. కూకట్‌పల్లిలో కూర్చుని ఆర్డర్ పెట్టే కస్టమర్‌కి దానివల్ల ఒరిగేదేమీ లేదు. సైటు యజమాని దీన్ని పక్కన పెట్టేయొచ్చు.

ఇక టీటీఎల్. రిజాల్వర్ మన జవాబుని ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో చెప్పే అంకె ఇది. బాబాయి సైటుకి 300 ఉంది, అంటే 5 నిమిషాలు. దీన్ని 14400 చేస్తే 4 గంటలు దాచుకుంటుంది. పైసా ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. జనం ఎప్పుడూ వచ్చిపోయే సైటుకి ఇది బాగా పనిచేస్తుంది. కానీ రోజుకి 40 మంది వచ్చే సైటు సంగతి వేరు. ఆ 40 మందిలో ఒకరు జియో, ఒకరు ఎయిర్‌టెల్, ఇంకొకరు డల్లాస్‌లో ఉన్న మేనత్త. ఎవరి రిజాల్వర్ వాళ్లది, దేని నిల్వ దానిదే. ఒకరి కోసం దాచిన జవాబు ఇంకొకరికి అక్కరకి వచ్చేది తక్కువ. పైగా సర్వర్ మార్చిన రోజున పాత అడ్రస్ అన్ని గంటలూ పట్టుకుని వేలాడుతుంది. నేనైతే 3600 పెట్టి ఊరుకుంటాను.

చిన్న సైటుకి అసలైన తేడా నేమ్‌సర్వర్లు మార్చడంలోనే ఉంది. ఎనీకాస్ట్ అనే పద్ధతిలో ఒకే ఐపీ అడ్రస్ చాలా ఊళ్ల నుంచి పలుకుతుంది, అడిగినవాళ్లకి దగ్గరి దారిలో ఉన్నది జవాబిస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్‌కి హైదరాబాద్, చెన్నై, ముంబైలలో కేంద్రాలున్నాయి, డీఎన్‌ఎస్ ఉచితం. ప్రాక్సీ (సైటుకి వచ్చేవాళ్లంతా క్లౌడ్‌ఫ్లేర్ మీదుగా రావడం) వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో రికార్డు పక్కనున్న మబ్బు గుర్తుని బూడిద రంగులో ఉంచితే చాలు, పేరు వెతికే పని మాత్రమే చేస్తుంది. అమెజాన్ వాళ్ల డీఎన్‌ఎస్ సేవ రూట్ 53 కూడా దీటైనదే. నాలుగు నేమ్‌సర్వర్లు నాలుగు వేర్వేరు తోకపేర్ల (.కామ్, .నెట్ లాంటివి) కింద ఇస్తారు. డొమైన్‌కి నెలకి అర డాలరు, పది లక్షల ప్రశ్నలకి 40 సెంట్లు. సర్వర్ ఇప్పటికే అమెజాన్ క్లౌడ్‌లో ఉంటే అదే తీసుకోండి, లోడ్ బ్యాలెన్సర్‌కి (వచ్చేవాళ్లని సర్వర్లకి పంచేది) సైటు పేరుని నేరుగా కలిపే ఏలియాస్ రికార్డు పెట్టుకోవచ్చు, ఆ ప్రశ్నలకి డబ్బు తీసుకోరు. లేకపోతే ఉచితంగా దొరికేదానికి కార్డు ఇవ్వడం ఎందుకు? బాబాయిది క్లౌడ్‌ఫ్లేర్‌కి మార్చాను. అదే లాప్‌టాప్, అదే వైఫై, 260 కాస్తా 18 అయింది.

పేజీలో బయటి ఫాంట్, చాట్ డబ్బా ఉంటే వాటి సర్వర్ల పేర్లు కూడా బ్రౌజర్ విడిగా వెతకాలి. ఎవరూ వాడని చాట్ డబ్బా తీసేశాను, ఫాంట్ ఫైళ్లు మన సర్వర్‌లోనే పెట్టాను.

మార్చేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేవి) కొత్త చోటికి వచ్చాయో లేదో ఒక్కొక్కటీ సరిచూడండి, ఒకటి జారిందంటే ఆర్డర్ మెయిళ్లు ఆగిపోతాయి. డీఎన్‌ఎస్‌సెక్ (జవాబు అసలైనదేనని సంతకంతో సరిచూసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే, ముందు రిజిస్ట్రార్ (డొమైన్ పేరు అమ్మిన కంపెనీ) దగ్గర ఆ ఏర్పాటుకి సంబంధించిన డీఎస్ రికార్డు తీయించి, ఒకటి రెండు రోజులు ఆగి అప్పుడు మార్చండి. లేదంటే చాలామందికి సైటే తెరుచుకోదు. .కామ్ స్థాయిలో పాత నేమ్‌సర్వర్ల పేర్లు రిజాల్వర్లలో 48 గంటల దాకా ఉండిపోతాయి, కాబట్టి పాత చోట రికార్డులు వారం పాటు అలాగే ఉంచండి.